కవరు పాటా? పాఠాంతరమా?

ప్రశ్న: మా కళాశాల పత్రికకు రాసిన వ్యాసంలో ‘వెన్ ఎ మ్యాన్ లవ్స్ ఎ వుమన్’ అనే అమెరికన్ పాటను, ‘రిథమ్ అండ్ బ్లూస్ బ్యాలడ్’కు తెలుగుగా, ‘లయ మరియు నీలి వీరగాథ’ అన్నాను. దాన్ని తరవాతివాళ్ళు పాడిన పాటలను ‘కవర్లు’ అన్నాను. మా అధ్యాపకులు వీరగాథనూ కవర్లనూ కొట్టేశారు. బ్యాలడ్ అంటే వీరగాథ అనే కదా చదువుకున్నాం? కవర్‌కు సరైన తెలుగు మాట ఏమిటి? – ఒక విద్యార్థి, ఖమ్మం

సమాధానం: మీ అధ్యాపకులు రెండు చోట్ల ఎర్రసిరా పెట్టారు గాని, పెట్టవలసిన మూడవ చోటు వదిలేశారు. అది ‘మరియు’. పోతన గారు భాగవతంలో వచనాన్ని ఎత్తుకుంటూ ‘మఱియు’ అంటారు. అక్కడ దానికి ‘అంతేకాక’ అని అర్థం. దాన్ని తెచ్చి రెండు నామవాచకాల మధ్య మేకులా కొట్టే అలవాటు ఈ కాలానిది. ‘లయా దిగులూ’ అంటే పోయేదానికి ఇంత కష్టం ఎందుకో నాకు అర్థం కాదు. పైగా ‘బ్లూస్’లో ఉన్నది నీలిరంగు కాదు, దిగులు, మనసును పట్టుకున్న దిగులును నీలి దయ్యాలుగా చెప్పే పాత ఇంగ్లీషు పలుకుబడి నుంచి వచ్చిన మాట అది. అసలు రిథమ్ అండ్ బ్లూస్ అన్నదే ఒక పేరు. నల్లజాతి వారి పాటల్లో ఏవి ఎక్కువ ఆదరణ పొందాయో చూపే పట్టికకు, అమెరికా సంగీత వ్యాపార పత్రిక బిల్‌బోర్డ్ అప్పటిదాకా వాడుతున్న ‘రేస్ రికార్డ్స్’ అనే మాట బాగాలేదని, అక్కడ పనిచేస్తున్న జెర్రీ వెక్స్‌లర్ సూచించగా 1949లో ఆ పట్టికకు పెట్టిన పేరు. పేర్లను అనువదించకండి. వెక్స్‌లర్‌ను మాత్రం గుర్తు పెట్టుకోండి, మళ్ళీ వస్తాడు.

ఇక బ్యాలడ్. లాటిన్‌లో ‘బల్లారే’ అంటే నర్తించడం. బ్యాలేకు, విందులో నృత్యాన్ని చెప్పే ‘బాల్’కు కూడా ఆ ధాతువే మూలం. ఆటకు పాడే పాట కాలక్రమంలో కథ చెప్పే పాట అయింది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ అనే అమెరికన్ పండితుడు 19వ శతాబ్దంలో సేకరించిన 305 పాటలు ఆ కోవకు చెందినవి. మన బొబ్బిలి కథనూ కాటమరాజు కథనూ చూసినవారు దానికి ‘వీరగాథ’ అన్నారు, ఆ మేరకు ఒప్పే. కాని అదే మాట ఇంగ్లీషులోనే మరోవైపు జారి, మెల్లగా సాగే ప్రేమపాటకు పేరైంది. మీ పాట ఈ రెండవ రకానిది. అందులో కథ లేదు, యుద్ధం లేదు, వీరుడు అసలే లేడు. ప్రేమలో పడి ఉన్నదంతా ధారపోసి లోకాన్ని మరిచిన ఒక మగవాడు ఉన్నాడు. కనుక ‘వీర’ తప్పు. ‘గాథ’ తప్పని మాత్రం నేననను. అది పాడటమనే ధాతువు నుంచి పుట్టిన మాట, మొదట్లో దానికి కథతో పనిలేదు. శాతవాహన రాజు హాలుడు ప్రాకృతంలో కూర్చిన గాథాసప్తశతిలో ఒక్కొక్క గాథ ఒక చిన్న పద్యం, వాటిలో ఎక్కువ భాగం ప్రేమ గురించినవే. విజయగాథ, విషాదగాథ అంటూ పత్రికలవారు ప్రతి ఉదంతానికీ తగిలించి ఆ మాటను అరగదీయకపోయి ఉంటే, ‘ప్రేమగాథ’ అన్నా నేడు సరిగ్గా వినిపించి ఉండేది.

ఇప్పుడు కవరు సంగతి. తెలుగులో కవరు అంటే ఉత్తరం పెట్టేది, కూరగాయలు తెచ్చుకునేది. తప్పు కప్పిపుచ్చుకునేవాడు చేసేది కవరింగు, ఇత్తడి మీద బంగారు పూత పూస్తే కవరింగు నగ. రికార్డుల వ్యాపారంలో ఈ మాట ఎలా స్థిరపడిందో చెప్పేవారు రెండు మూడు విధాలుగా చెబుతారు గాని, 1950లలో దాని రుచి మాత్రం మన కవరింగు నగకు చాలా దగ్గర. ఐవరీ జో హంటర్ అనే నల్లజాతి గాయకుడు తన ‘ఐ ఆల్మోస్ట్ లాస్ట్ మై మైండ్’తో 1950లో రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలో మొదటి స్థానం పొందాడు, అదే పాటను పాట్ బూన్ అనే తెల్లజాతి గాయకుడు 1956లో పాడి పాప్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కించాడు. ఒకరి పాటను మరొకరు మరో అంగడిలో అమ్ముకోవడం అనే వాసన ఆ మాటకు అప్పుడు గట్టిగా ఉండేది. ఇప్పుడు పోయింది. ఎవరి పాటను ఎవరు మళ్ళీ పాడినా కవరే.

మీ పాటకు ఆ మాట ఎంతవరకు చెల్లుతుందో చూద్దాం. దీన్ని మొదట పాడిన పెర్సీ స్లెడ్జ్ అలబామా రాష్ట్రంలో ఒక ఆసుపత్రిలో సహాయకుడిగా పనిచేసేవాడు. 1966లో ఆ రాష్ట్రంలోనే షెఫీల్డ్ అనే చిన్న ఊళ్ళో, క్విన్ ఐవీ నడిపిన స్టూడియోలో ఈ పాట రికార్డయింది. స్పూనర్ ఓల్డ్‌హామ్ వాయించిన ఆర్గన్ మెట్టు మెట్టుగా దిగుతుంటే దాని మీద స్లెడ్జ్ గొంతు ఎక్కుతుంది. దాన్ని దేశమంతటా విడుదల చేసింది అట్లాంటిక్ సంస్థ. అక్కడ ఆ బేరం కుదిర్చినవాడు, పైన చెప్పిన వెక్స్‌లరే. సంప్రదాయానికి పేరు సూచించినవాడి చేతికే, పదిహేడేళ్ళ తరవాత, ఆ సంప్రదాయంలోని ఇంత గొప్ప పాట వచ్చింది. 1966 మే నెలాఖరుకు అది పాప్ పట్టికలో మొదటి స్థానానికి చేరింది, రిథమ్ అండ్ బ్లూస్ పట్టికలోనూ మొదటిదే. ఇందులో బాకాలు శ్రుతి తప్పాయని వెక్స్‌లర్ అభ్యంతరం చెబితే వాటిని సరిచేసి మళ్ళీ రికార్డు చేశారనీ, విడుదల వేళ టేపులు తారుమారై పాతదే బయటికి వచ్చిందనీ ఒక కథ ప్రచారంలో ఉంది. నిజమే అయితే, తాళపత్రాలతో పనిచేసే మావంటివారికి ఇది కొత్త కాదు. లేఖకుడి పొరపాటే లోకానికి అసలు పాఠమై కూర్చోవడం మేము ఎన్నిసార్లో చూశాం.

ఆ మాట వచ్చింది గనుక చెబుతున్నాను: కవర్‌కు తెలుగులో కొత్త మాట కల్పించనక్కరలేదు, ‘పాఠాంతరం’ ఉంది. గ్రంథపరిష్కర్తలకు అది ఒక ప్రతిలో కనిపించే వేరే పాఠం. కర్ణాటక సంగీత విద్వాంసులకు ఒక గురుపరంపరలో నిలిచిన పాటతీరు. క్షేత్రయ్యను తీసుకోండి (ఏ ప్రశ్నకైనా నేను ఆయన దగ్గరికే వెళతానని నా మీద ఫిర్యాదు ఉంది, ఉండనివ్వండి). 17వ శతాబ్దంలో ఆయన కట్టిన పదాలు, అంటే శృంగార గీతాలు, రికార్డుల్లో రాలేదు, నోటి నుంచి నోటికి వచ్చాయి. మద్రాసులో వీణ ధనమ్మాళ్ ఇంట మనుమరాళ్ళు బృంద, ముక్త ఒక తీరుగా పాడారు, మరో ఇంట మరో తీరుగా పాడారు, ఏదీ కవరు కాలేదు. ఎవరు ఎంత సాగదీసినా, ఎక్కడ సంగతి (స్వరాల మలుపు) మార్చినా, ‘మువ్వగోపాల’ ముద్ర చెక్కుచెదరక నిలిచి, కట్టినవారెవరో చెబుతూనే వచ్చింది. స్లెడ్జ్‌కు ఆ ముద్ర లేకపోయింది. వరుస తనదేనని, దాన్ని ఉదారంగా తన తోటి వాద్యకారులకు వదిలేశానని ఆయన తరవాత చెప్పుకున్నాడు. రికార్డు మీద రచయితలుగా ఉన్నవి కాల్విన్ లూయిస్, ఆండ్రూ రైట్ అనే ఇద్దరి పేర్లు.

క్షేత్రయ్య దగ్గర నేర్చుకోవలసింది మరొకటి ఉంది. ఆయన పురుషుడు, పదాల్లో మాట్లాడేది ఎక్కువగా స్త్రీ. వాటిని స్త్రీలూ పాడతారు, పురుషులూ పాడతారు. ‘వాడు’ను ‘అది’ చేయాలని ఎవరికీ తోచలేదు. అమెరికాలో తోచింది. అదే 1966లో, అదే అట్లాంటిక్ సంస్థకు ఎస్తర్ ఫిలిప్స్ స్త్రీపురుషులను తారుమారు చేసి ‘వెన్ ఎ వుమన్ లవ్స్ ఎ మ్యాన్’ అని పాడింది. 1979లో ‘ద రోజ్’ సినిమాలో బెట్ మిడ్లర్ మాత్రం పేరు మార్చలేదు. మగవాడి ప్రేమను ఆడగొంతుతో, ముందు నాలుగు మాటలు మాట్లాడి మరీ పాడింది, మాట మారకుండానే భావం మారింది. నా చెవికి ఇదే నిజమైన పాఠాంతరం. 1991లో మైకేల్ బోల్టన్ పాడినది మళ్ళీ పాప్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది, గ్రామీ బహుమతి కూడా తెచ్చింది. గొంతు పెద్దది, అందులో నాకు కొత్త అర్థం దొరకలేదు. ఇంతలో 1987లో ఒక జీన్స్ ప్రకటన పుణ్యాన స్లెడ్జ్ పాత రికార్డే ఇంగ్లండ్‌లో రెండవ స్థానానికి వచ్చింది. దాన్ని మీరు కవర్ల జాబితాలో చేర్చి ఉంటే తీసేయండి, అది పునర్ముద్రణ.

అయితే బ్యాలడ్‌ను ‘పదం’ అనవచ్చా? మనసు అనమంటున్నది, శాస్త్రం ఒప్పుకోవడం లేదు. పదానికి పల్లవి ఉంటుంది, పాట దాని దగ్గరికి తిరిగి రావాలి. ఈ పాటలో అలా తిరిగి వచ్చే పల్లవి లేదు, చరణం మీద చరణంగా సాగిపోతుంది. ‘మెల్లని ప్రేమగీతం’ అంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. బ్యాలడ్ అనే రాసినా నేను తగవుకు రాను. కవర్ విషయంలో, పాడినవారు పాటకు తమదైన తీరు ఇచ్చినచోట పాఠాంతరమనీ, ఊరికే పాడినచోట ‘మళ్ళీ పాడిన పాట’ అనీ రాయండి. ఏది ఏదో తేల్చవలసింది మీ చెవి. పాట్ బూన్ కాలపు వ్యాపారాన్ని చెప్పేటప్పుడు మాత్రం కవరు అన్న మాటనే ఉంచండి, అక్కడ ఆ మాటకు పని ఉంది.