ఫారంలో ‘లేదు’ అని రాసిన ఆ గడి

ప్రశ్న: మాది విజయవాడ మేడమ్. మా పాపకి తొమ్మిదో తరగతి అయిపోయింది, 15 నిండాయి. మే రెండో వారంలో స్కూలు వాళ్లు నేపాల్ తీసుకెళ్తున్నారు. పోఖరా నుంచి పూన్ హిల్ ట్రెక్, తర్వాత త్రిశూలి నదిలో రాఫ్టింగ్, మొత్తం 9 రోజులు. డబ్బు కట్టిన దగ్గర్నుంచి ఇంట్లో రోజూ గొడవే. నేను సర్దిన బ్యాగు అది విప్పేస్తుంది, నాది నేనే సర్దుకుంటానంటుంది. మా అత్తగారు సున్నుండలు, జంతికలు, రెండు స్వెట్టర్లు పెట్టాల్సిందే అంటారు. మావారు ‘ఆడపిల్లని అంత దూరం ఎందుకు’ అని ముభావంగా ఉన్నారు. ఏమేం పెట్టాలి, దాన్ని ఎలా సిద్ధం చేయాలి? ఇంకో మాట. దానికి చిన్నప్పట్నుంచి చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఇప్పుడు బాగా తగ్గింది. స్కూలు ఫారంలో ‘ఆస్తమా ఉందా’ అన్నచోట ‘లేదు’ అని రాశాను. రాస్తే తీసుకెళ్లరని పాప ఏడ్చింది. ఈ సంగతి మావారికి తెలీదు. తప్పు చేశానంటారా?

జవాబు: అమ్మా, బ్యాగు సంగతి బోలెడంత రాసి పిల్లికూతల సంగతి చివర్లో ‘ఇంకో మాట’ అని తోసేశారు. నేను ఆ చివరి మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే ఆ ఒక్కటి సరి చేయకుండా మిగతాదంతా ఎంత బాగా సర్దినా లాభం లేదు.

అవును, తప్పే చేశారు. పాప ఏడుస్తుంటే చూడలేక చేశారు, అది నాకు అర్థమవుతోంది, మిమ్మల్ని దోషిలా నిలబెట్టాలని కాదు. కానీ ఆ గడిలో ‘లేదు’ అని రాసినప్పుడు పిల్లకి ఏం అర్థమైందో చూడండి. ఊపిరి ఆడట్లేదని చెబితే ట్రిప్పు పోతుంది, కాబట్టి చెప్పకూడదు. అదే పిల్ల మూడో రోజు పూన్ హిల్ కింద ఉండే ఘోరేపానీ ఊరి దారిలో మెట్లెక్కుతూ ఛాతీ పట్టేసినట్టు ఉంటే సార్‌కి చెబుతుందా? వెనక్కి పంపేస్తారేమోనని బిగబట్టుకుని నడుస్తుంది. తలనొప్పి వచ్చినా చెప్పదు, అన్నం తినబుద్ధి కాకపోయినా చెప్పదు. కొండల మీద పిల్లలకి ప్రాణం మీదకి వచ్చేది ఎక్కువగా ఇలాగే, ఒంట్లో బాలేనిది పైకి చెప్పకుండా దాచుకోవడం వల్ల.

పూన్ హిల్ ఎత్తు 3,210 మీటర్లు. మన తిరుమల సుమారు 850 మీటర్లు, అంటే దాదాపు నాలుగింతలు. రాత్రి పడుకునే ఘోరేపానీ కూడా 2,800 మీటర్ల పైచిలుకే. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ (5,364 మీటర్లు) లాంటిదేమీ కాదు, ఆరోగ్యంగా ఉన్న పిల్లలు హాయిగా వెళ్లొచ్చే దారే, నేను భయపెట్టడం లేదు. అయితే చల్లగాలి, విడవకుండా ఎక్కుడు, రాత్రిళ్లు లాడ్జీలో అందరూ చుట్టూ చేరే పొయ్యి పొగ, ఈ మూడూ ఉబ్బసం ఉన్నవాళ్లకి పడనివే. అదుపులో ఉన్న ఆస్తమాతో ట్రెక్ చేసేవాళ్లు చాలామంది ఉంటారు. అది అదుపులో ఉందో లేదో చెప్పాల్సింది డాక్టరు, మీ పాప కన్నీళ్లు కాదు.

అందుకని ఈ వారంలోనే పాపని ఛాతీ డాక్టరు దగ్గరకి తీసుకెళ్లండి. ఎక్కడికి వెళ్తోందో, ఎంత ఎత్తో, ఎన్ని రోజులో కాగితం మీద రాసి చూపించండి. రోజూ వాడాల్సిన మందు ఏది, ఆయాసం వచ్చినప్పుడు పీల్చాల్సిన ఇన్‌హేలర్ ఏది, ఎన్ని పఫ్‌లకి తగ్గకపోతే కిందకి దించేయాలి అన్నది ఆయన చేత రాయించుకోండి. ఆ కాగితం కాపీ ఒకటి సార్‌కి, ఒకటి పాప సంచిలో. ఇన్‌హేలర్లు రెండు కొనండి. అవి పోర్టర్ మోసే పెద్ద బ్యాగులో పెట్టారో, అవసరమైన వేళకి ఆ బ్యాగు రెండు మలుపులు ముందుంటుంది. ఒకటి పాప జాకెట్ లోపలి జేబులో, ఇంకోటి టీచర్ దగ్గర. చలికి డబ్బా బిగుసుకుపోతే మందు సరిగా రాదు కాబట్టి ఒంటి వెచ్చదనానికి దగ్గరగా ఉండటమే మంచిది. ఎత్తు పడదని నెట్‌లో చదివి డయామాక్స్ బిళ్లలు మీ అంతట మీరు కొనిపెట్టకండి, సల్ఫా మందులు పడనివాళ్లకి దానితో ఇబ్బంది రావచ్చు, అది కూడా డాక్టర్నే అడగండి.

ఫారం మార్చి రాయండి. ఫోన్ చేసి చెప్పడం కాదు, రాతపూర్వకంగా. ట్రావెల్ ఇన్సూరెన్స్ కూడా దీంతో ముడిపడి ఉంది. ఉన్న జబ్బు దాచిపెట్టి తీసుకున్న పాలసీలో అవసరానికి క్లెయిమ్ తిరస్కరించే ప్రమాదం ఉంది, కొండ మీంచి హెలికాప్టర్‌లో దించాల్సి వస్తే బిల్లు లక్షల్లో ఉంటుంది. పాలసీలో ఎన్ని మీటర్ల ఎత్తు వరకు వర్తిస్తుందో కూడా చూడండి, కొన్నింటికి పరిమితి ఉంటుంది.

డాక్టరు ఈసారి వద్దంటే? అప్పుడు వెళ్లదు. కట్టిన డబ్బు పోతే పోతుంది. పాప నాలుగు రోజులు మీతో మాట్లాడదు, తలుపేసుకుంటుంది, అన్నం మానేస్తుంది, అదంతా పడాల్సిందే. ఇది వినడానికి కటువుగా ఉందని తెలుసు.

‘మావారికి తెలీదు’ అన్నారు. ఆయనకి చెప్పకుండా పాపా మీరూ ఒక జట్టు అయిపోయారు, ఆయన ముభావంగా ఉన్నది సగం అందుకే అయ్యుండొచ్చు, ఇంట్లో ఏదో దాస్తున్నారని మనిషికి తెలిసిపోతుంది. ఈ రాత్రే చెప్పండి. కోప్పడతారు. కోప్పడ్డాక డాక్టరు దగ్గరకి ఆయన్నే తీసుకెళ్లమనండి, ‘ఆడపిల్లని అంత దూరం ఎందుకు’ అనే మనిషి డాక్టర్ని తానే నాలుగు ప్రశ్నలు అడిగి జవాబులు విన్నాక మెత్తబడటం నేను చూశాను. ఆయన్ని పక్కన పెట్టి ఒప్పించలేరు.

ఇక పాప. పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది కదా అని ఈపాటికి మీతో వాదించే ఉంటుంది, ఈ వయసు పిల్లలందరూ అదే అంటారు. నిజమే, నిజామాబాద్ జిల్లా గురుకుల విద్యార్థిని మాలావత్ పూర్ణ 2014 మే 25న 13 ఏళ్ల 11 నెలల వయసులో ఎవరెస్ట్ ఎక్కింది. కానీ దానికి ముందు భువనగిరి బండల మీద, ఆ తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నెలల తరబడి శిక్షణ తీసుకుంది. మీ పాపకి ఆ మాట కూడా చెప్పండి, చెప్పి షూస్ తొడిగించి బయటికి పంపండి.

షూస్ అంటే గుర్తొచ్చింది, ఇక్కడ నా సొంత గోడు ఒకటి. మా అబ్బాయి ఇంటర్ సెలవుల్లో మనాలి క్యాంపుకి వెళ్లినప్పుడు బయల్దేరే ముందు రోజు సాయంత్రం కొత్త షూస్ కొన్నాను, సరిగ్గా పాదం సైజుకి. వాడు తిరిగొచ్చేసరికి రెండు బొటనవేళ్ల గోళ్లూ నల్లబడి తర్వాత ఊడిపోయాయి. దిగేటప్పుడు వేళ్లు ముందుకెళ్లి కొట్టుకుంటాయని నాకప్పుడు తెలీదు. అందుకని షూస్ ఇవాళే కొనండి, మందపాటి సాక్స్ వేసుకుని, సాయంత్రం పూట కొలిచి, వేళ్ల ముందు బొటనవేలంత ఖాళీ ఉండేలా. బయల్దేరే వరకు రోజూ అవే వేసుకుని తిరగాలి. మే నెల విజయవాడ ఎండలో పగలు నడిపించకండి, తెల్లవారుజామున కనకదుర్గమ్మ గుడి మెట్లు చాలు, వీపున నాలుగు కిలోల సంచితో. వీలైతే ఒక శనివారం తిరుపతి వెళ్లి అలిపిరి మెట్లు, 3,550 మెట్లు, ఆ సంచితోనే ఎక్కించండి. పూన్ హిల్ దారిలో ఉల్లేరి దగ్గర వచ్చే రాతిమెట్లకి ఇంతకంటే మంచి రిహార్సల్ మన వైపు లేదు. పిల్లికూతలు వస్తాయో రావో కూడా అక్కడ కొంత తెలుస్తుంది. నాన్న కూడా వెళ్తే మరీ మంచిది. డాక్టర్ని కలిశాకే ఇదంతా, ఇన్‌హేలర్ జేబులో ఉంచుకునే.

బ్యాగు ఎవరు సర్దాలి? పాపే. ఆ విషయంలో మీ పాప అన్నదే కరెక్టు. మీరు సర్దితే అక్కడ చీకట్లో, కరెంటు లేనప్పుడు, టార్చి ఎక్కడుందో దానికి తెలీదు. మీరు పక్కన కూర్చుని అడగండి, పెట్టకండి. ఒకసారి సర్దుకున్నాక బ్యాగు వీపున వేసుకుని మీ అపార్ట్‌మెంటు మెట్లు నాలుగంతస్తులు ఎక్కి దిగమనండి, సగం సామాను తనే తీసేస్తుంది.

జీన్స్ వద్దు, కాటన్ చుడీదార్లు వద్దు. మనకి కాటనంటే ప్రాణం, కానీ అక్కడ చెమటకో వానకో తడిస్తే ఆరదు, ఒంటికి అంటుకుని చలి పెంచుతుంది. త్వరగా ఆరే టీషర్టులు మూడు, అలాంటి ప్యాంట్లు రెండు, ఒక ఫ్లీస్ (తేలిగ్గా, వెచ్చగా ఉండే జాకెట్), పైన వాన ఆపే జాకెట్. అత్తగారి రెండు స్వెట్టర్ల బదులు ఆ ఒక్క ఫ్లీస్ చాలు. పూన్ హిల్ మీద సూర్యోదయం చూడ్డానికి చీకట్లోనే ఎక్కుతారు, మే నెలైనా ఆ వేళకి చేతులు కొంకర్లు పోతాయి, గ్లౌజులు, చెవులు కప్పే టోపీ, తలకి కట్టుకునే టార్చి మరవకూడదు. లావు డౌన్ జాకెట్ మాత్రం కొనకండి, పోఖరా లేక్‌సైడ్‌లోనూ ఖాట్మండు ఠమేల్‌లోనూ అద్దెకిస్తారు, మళ్లీ విజయవాడలో దాన్ని ఎక్కడ వేసుకుంటుంది? మే మధ్యాహ్నాలు అక్కడ ఉరుములతో వానలుంటాయి కాబట్టి బట్టలన్నీ ప్లాస్టిక్ కవర్లలో చుట్టి పెట్టాలి. తడి అడవిలో జలగలు పట్టుకుంటే కేకలు పెట్టక్కర్లేదు, పట్టి లాగేయకుండా గోటితో పక్కకి తోస్తే వదిలేస్తుంది.

నెలసరి గురించి మీరు రాయలేదు, రాయరని తెలుసు. డేట్ దగ్గర్లో లేకపోయినా ప్యాడ్స్ పెట్టాలి, ప్రయాణంలో, ఎత్తులో తేదీ అటూ ఇటూ అవుతుంది. వాడినవి పారేసే చోటు దొరక్కపోవచ్చు, నల్ల కవరు, జిప్ ఉన్న సంచి ఒకటి ఇవ్వండి. వాయిదా వేసే మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేయకండి. జట్టుతో లేడీ టీచర్ వెళ్తున్నారా అని స్కూల్ని అడగండి, వెళ్లకపోతే వెళ్లమనండి, ఈ ఒక్క విషయంలో మొహమాటపడొద్దు.

కాగితాల మాట. మనవాళ్లకి నేపాల్ వీసా అక్కర్లేదు, దాంతో ‘ఆధార్ ఉంటే చాలు’ అనేవాళ్లు చాలామంది తగులుతారు. విమానంలో వెళ్లే 15 ఏళ్లు నిండిన పిల్లకి ఆధార్ చాలదు. పాస్‌పోర్టు ఉంటే గడువు చూసుకోండి. లేకపోతే 15 నుంచి 18 ఏళ్ల మధ్య పిల్లలకి ప్రిన్సిపాల్ నిర్ణీత నమూనాలో ఇచ్చే గుర్తింపు పత్రం చెల్లుతుంది, అది స్కూలు వాళ్లు సిద్ధం చేశారో లేదో ఇప్పుడే కనుక్కోండి. పవర్‌బ్యాంక్ చేతి బ్యాగులోనే ఉండాలి, చెక్-ఇన్‌లో వేయనివ్వరు. చేతిఖర్చు లెక్క పాపకే నేర్పండి, మన 100 రూపాయలంటే వాళ్ల 160.

ఫోన్ గురించి ముందే ఒప్పందం చేసుకోండి. రోజుకి ఒక్కసారి, సాయంత్రం, సిగ్నల్ ఉంటేనే. లేకపోతే సార్ పెట్టే మెసేజ్‌తో సరిపెట్టుకోవాలి. మీరు గంటకోసారి చేస్తే ఎత్తకుండా సైలెంట్‌లో పెడుతుంది, నేనైనా అదే చేస్తాను. రాఫ్టింగ్ రోజు లైఫ్ జాకెట్, హెల్మెట్ లేకుండా పడవెక్కొద్దని ఒక్కసారి గట్టిగా చెప్పి ఊరుకోండి.

సున్నుండలు పెట్టండి. జంతికలు వద్దు, బ్యాగులో పొడైపోతాయి. డజను సున్నుండలు, గట్టి స్టీలు డబ్బాలో, చీమలు దూరకుండా, అత్తగారి చేతే సర్దించండి, పెద్దావిడ కూడా ఈ ప్రయాణంలో ఏదో ఒకటి సర్దాలి కదా. కొండ మీద రోజూ పప్పూ అన్నమే పెడతారు, అందులోకి ఆవకాయ కావాలంటుంది, చిన్న ప్యాకెట్ రెండు కవర్లలో చుట్టి చెక్-ఇన్ బ్యాగులో వేయండి, చేతి బ్యాగులో అయితే సెక్యూరిటీ దగ్గర తీసేసుకోవచ్చు. ఇవన్నీ తర్వాత. ముందు ఆ డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకోండి.