చర్చి స్థలంలో షెడ్డు: పన్నెండేళ్లు దాటితే ఆయనదేనా?

ప్రశ్న: చిత్తూరులో మా చర్చి దొరల కాలంలో ఆంగ్లికన్లు (ఇంగ్లండ్ చర్చి వాళ్లు) కట్టింది. మా తాత అక్కడ గంట కొట్టేవాడు. ప్రహరీ లోపల ఖాళీ మూలను 2009లో ఒకాయనకు నెలకు 600 అద్దెకిచ్చారు. షెడ్డు ఆయనే వేసుకున్నాడు. 2013 నుంచి అద్దె లేదు. ఇప్పుడేమో ‘పన్నెండేళ్లు దాటింది, స్థలం నాదే, కరెంటు మీటరు కూడా నా పేరునే ఉంది’ అంటున్నాడు. శంకుస్థాపన రాయి, గోడల్లో పాలరాతి పలకలు, పాత బాప్తిస్మం రిజిస్టరు మా దగ్గరున్నాయి. చాలవా? రాత్రికి రాత్రి షెడ్డు పీకేద్దామని యూత్ వాళ్లు అంటున్నారు. చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ ఉత్తరం నిండా చర్చి చరిత్రే. కేసు తేల్చే మాట మధ్యలో ఎక్కడో రాశారు: 2009లో అద్దెకిచ్చారు.

అద్దెకు దిగినవాడు, అద్దెకిచ్చినవాళ్లకు హక్కే లేదని వాదించడానికి వీల్లేదు. భారతీయ సాక్ష్య అధినియం 122వ సెక్షన్ ఇదే చెబుతుంది. అద్దె ఎగ్గొట్టినంత మాత్రాన ఆయన చెప్పే పన్నెండేళ్ల గడువు మొదలవదు. దావాలకు గడువులు పెట్టే లిమిటేషన్ చట్టం 67వ ఆర్టికల్ ప్రకారం పన్నెండేళ్లు లెక్కపెట్టేది అద్దె ఒప్పందం ముగిసిన రోజు నుంచి. అప్పట్లో మీ కమిటీ ఖాళీ చేయమని నోటీసు ఇచ్చి ఉంటే మాత్రం లెక్క మారిపోతుంది. ముందు అది చూసుకోండి.

కాబట్టి నిరూపించాల్సింది అద్దె. పాలరాతి పలక ఎవరు ఎప్పుడు పోయారో చెబుతుంది, సర్వే నంబరు చెప్పదు. రసీదు కౌంటర్‌ఫాయిళ్లు, కమిటీ మినిట్స్, జమాఖర్చుల పుస్తకం వెతకండి. ఇన్నేళ్లు అద్దె అడగని కమిటీ వాటినైనా భద్రంగా ఉంచిందా? చెదలు తినేసి ఉంటే తాతగారి గంట కథ మిమ్మల్ని కాపాడదు. ఆయన చూపించే మీటరే మీకు పనికిరావచ్చు. కనెక్షన్ దరఖాస్తుకు చర్చి ఇచ్చిన నో అబ్జెక్షన్ లెటర్ జత చేసి ఉంటే, స్థలం చర్చిదని ఆయనే ఒప్పుకున్నట్టు. ఆ ఫైలు నకలు సమాచార హక్కు కింద అడగండి. ఇవ్వకపోతే కోర్టు ద్వారా తెప్పించవచ్చు.

షెడ్డు మీద చెయ్యి వేయకండి. దౌర్జన్యంగా ఖాళీ చేయిస్తే ఆయన ఆరు నెలల్లోపు స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద దావా వేసి, స్థలం ఎవరిదన్న విచారణే లేకుండా మళ్లీ లోపలికొచ్చేస్తాడు. యూత్ వాళ్ల మీద క్రిమినల్ కేసు అదనం.

దావా మీ పేరున వేస్తే నిలవదు. 1947 సెప్టెంబరు 27న ఇక్కడి ఆంగ్లికన్లు దక్షిణ ఇండియా సంఘం(సీఎస్ఐ)లో కలిశారు. అలాంటి ఆస్తులు ఎక్కువగా సీఎస్ఐ ట్రస్ట్ అసోసియేషన్ పేరున ఉంటాయి. మీది ఎవరి పేరున ఉందో డయోసిస్ (బిషప్) ఆఫీసులో కనుక్కోండి. ఆయన అసలు అద్దెకే దిగలేదని బుకాయిస్తే అప్పుడు మీ చరిత్ర కావాలి, అదీ హద్దులున్న కాగితాల రూపంలో. 1911 ఏప్రిల్ 1కి ముందు చిత్తూరు ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది కనుక పాత రికార్డుల కోసం వేలూరు, చెన్నై తిరగాల్సి రావచ్చు.

యజమాని సంస్థ నుంచి పవర్ ఆఫ్ అటార్నీ ఉన్నవారితో, ఆస్తి బదిలీ చట్టం 106వ సెక్షన్ కింద 15 రోజుల నోటీసు ఇప్పించండి. గడువు దాటాక స్వాధీనానికీ బకాయిలకూ కలిపి సివిల్ కోర్టులో దావా వేయించండి. బకాయి మాత్రం మూడేళ్లదే వస్తుంది. అంతకు ముందుది పోయినట్టే.