ఐవీఎఫ్ ప్యాకేజీలో ఏముంటుంది, ఏముండదు?

ప్రశ్న: పెళ్లై ఆరేళ్లు. ఐవీఎఫ్‌కి ఆసుపత్రివాళ్లు ఒక ప్యాకేజీ ధర చెప్పారు. అంతకుముందు చేయించుకున్న మా వదినేమో "ఖర్చు తడిసి మోపెడవుతుంది, జాగ్రత్త" అంటోంది. అసలు ఎంత డబ్బు సిద్ధం చేసుకోవాలో ఎలా లెక్క వేసుకోవాలి?

జవాబు: మీ వదినగారి మాట వినండి. ప్యాకేజీ అంటే సాధారణంగా అండాలు బయటకు తీయడం, ల్యాబ్‌లో ఫలదీకరణ, ఒకసారి పిండాన్ని గర్భాశయంలో ప్రవేశపెట్టడం. ముందు చేసే ఏఎంహెచ్ (అండాల నిల్వను అంచనా వేసేది), థైరాయిడ్, వీర్య పరీక్షలు, మధ్యలో అండాలు పెరగడానికి ఇచ్చే ఇంజెక్షన్లు, తర్వాత పిండాల ఫ్రీజింగ్ చాలాచోట్ల విడిగా బిల్లవుతాయి.

లెక్క ఎక్కువగా తప్పేది ఇంజెక్షన్ల దగ్గరే. రోజుకు 225 యూనిట్లు, 10 రోజులు అనుకుందాం. మొత్తం 2,250. అంటే 450 యూనిట్ల మందు నింపిన ఇంజెక్షన్ పెన్నులు సరిగ్గా 5. అయిదు రోజులయ్యాక స్కాన్‌లో ఫాలికల్స్ (అండాశయంలో అండాలు పెరిగే చిన్న సంచులు) నెమ్మదిగా పెరుగుతున్నాయని డాక్టరు డోసు 300కు పెంచితే మొత్తం 2,625 అవుతుంది, ఆరో పెన్ను కొనాలి. ఇంకో రెండు రోజులు పొడిగిస్తే 3,225. అప్పుడు 8 పెన్నులు! పొడిగించిన రోజులకు స్కాన్, రక్తపరీక్ష కూడా తోడవుతాయి. అందుకే పెన్నులన్నీ ఒకేసారి కొనకండి, స్కాన్ చూసుకుంటూ మూడు నాలుగు రోజులకు సరిపడా తెచ్చుకోండి.

రెండోది, సైకిల్ (ఒక విడత చికిత్స) మధ్యలో ఆగిపోవడం. ఫాలికల్స్ సరిగ్గా పెరగకపోతే అండాలు తీయకుండానే ఆపేస్తారు. మందుల డబ్బు ఎలాగూ రాదు. కట్టిన ప్యాకేజీలో ఎంత వెనక్కిస్తారు? ఇది మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న. దీనికి తిరగబడ్డ పరిస్థితి కూడా ఉంది. అండాలు మరీ ఎక్కువ వస్తే అండాశయాలు ఉబ్బి ప్రమాదమవుతుందని పిండాలన్నిటినీ ఫ్రీజ్ చేసి, ఒకటి రెండు నెలలాగి గర్భాశయంలో పెడతారు. అది మంచి నిర్ణయమే. కానీ ఫ్రీజింగ్, ఏటా నిల్వ రుసుము, మళ్లీ హార్మోన్ మందులు, స్కాన్లు, ప్రవేశపెట్టే ఖర్చు కొత్తగా చేరతాయి.

పిండాలకు జన్యు పరీక్ష చేయిస్తే చాలాచోట్ల పిండానికింత అని లెక్కకడతారు. ఇక్సీ (ఒక్కో అండంలోకి ఒక్కో వీర్యకణాన్ని సూదితో నేరుగా ఎక్కించడం) గురించి కూడా అడగండి. వీర్యకణాల లోపం లేనివారికి దానివల్ల బిడ్డ పుట్టే అవకాశం పెరుగుతుందని రుజువు కాలేదు.

కొటేషన్ రాతపూర్వకంగా, దశలవారీగా తీసుకోండి. ఒక్క సైకిల్‌కి కాదు, కనీసం ఒక అండసేకరణ, రెండుసార్లు పిండం ప్రవేశపెట్టడం, ఏడాది నిల్వ కలిపి లెక్క వేసుకోండి. గర్భం నిలిచాక కూడా దానికి ఆసరాగా ఇచ్చే ప్రొజెస్టెరాన్ హార్మోన్ కొన్ని వారాలు వాడాలి, అదీ కలపండి.

ప్రశ్న: మూడు సైకిళ్ల డబ్బు ముందే కడితే, ఫలితం రాకపోతే వాపస్ అంటున్నారు. తీసుకోవచ్చా?

జవాబు: "ఫలితం" అంటే ఏమని రాశారో ముందు చూడండి. కొందరికి రక్తపరీక్ష పాజిటివ్ వస్తే చాలు, కొందరికి స్కాన్‌లో గుండెచప్పుడు, కొందరికి బిడ్డ పుట్టడం. మొదటి అర్థమైతే గర్భం నిలవకపోయినా డబ్బు తిరిగిరాదు. ఫ్రీజ్ చేసిన పిండాలన్నీ వాడాకే తర్వాతి సైకిల్ అన్న షరతు, మందులకు వాపస్ లేదన్న షరతు కూడా వెతకండి. మొదటి సైకిల్‌లోనే గర్భం నిలిస్తే మిగతా రెంటి డబ్బు మీకు రాదు, అంటే విడిగా కట్టినదానికంటే చాలా ఎక్కువ కట్టినట్టే.