పళ్ళ మధ్య కాస్త ఖాళీ

చిన్నా,

పొద్దున లేచేసరికి దవడలు పట్టేస్తున్నాయనీ, కణతల్లో నొప్పి వస్తోందనీ రాశావు. నిద్రలో పళ్ళు కొరుకుతున్నావని ఇంట్లోవాళ్ళు కూడా చెప్పారన్నావు. ఈ బాధ నేను చాలా ఏళ్ళు పడ్డాను కాబట్టి నాకు పనికొచ్చినవే రాస్తున్నాను.

ముందు డెంటిస్టుకి చూపించు. పళ్ళు ఎంత అరిగాయో, ఎక్కడ బీట పడిందో అద్దంలో మనకు తెలీదు. నైట్ గార్డ్, అంటే రాత్రి పడుకునేటప్పుడు పళ్ళకు పెట్టుకునే తొడుగు, వాడమంటే, నీ పళ్ళ అచ్చు తీసి చేసే గట్టి యాక్రిలిక్ రకం గురించి అడుగు. మెత్తటిది పెట్టుకుంటే కొందరు నిద్రలో దాన్నే నములుతూ ఉంటారు. గార్డ్‌ని రోజూ చన్నీళ్ళతోనే కడుక్కో, వేడినీళ్ళకు వంకరపోతుంది. గార్డ్ పళ్ళను అరగకుండా కాపాడుతుందే తప్ప కొరకడాన్ని మాన్పించదు. అది ఉంది కదా అని మిగతాది వదిలెయ్యకు.

మిగతాదంటే పగటి సంగతి. మన చేతిలో ఉన్నది అదే, అందుకే దాని గురించే ఎక్కువ చెప్తాను. తినేటప్పుడు, మింగేటప్పుడు తప్ప పై పళ్ళూ కింది పళ్ళూ తగలాల్సిన పనే లేదు. నువ్వేమో పనిలో మునిగితే గంటలకొద్దీ దవడ బిగించే ఉంటావు, ఆ సంగతి నీకే తెలీదు. ఇది చదువుతూనే ఒకసారి చూసుకో, పళ్ళు కలిసి ఉన్నాయా? పెదవులు మూసి, పళ్ళ మధ్య 2, 3 మిల్లీమీటర్ల ఖాళీ ఉంచు. నాలుక కొసను పై ముందుపళ్ళ వెనక, ‘ల’ అనబోయేటప్పుడు ఆనే చోట, మెల్లగా ఆనించు. భుజాలు వదులుచేసి ముక్కుతో నెమ్మదిగా ఊపిరి వదులు. దవడ దానంతటదే జారుతుంది.

తెలియకుండా చేసే పని కాబట్టి గుర్తుచేసేదేదో ఒకటి కావాలి. కంప్యూటర్ అంచున చిన్న రంగు చుక్క అంటించు. కంటపడ్డప్పుడల్లా దవడ చూసుకో. మొదట్లో చూసిన ప్రతిసారీ బిగించే ఉంటుంది, విసుగొస్తుంది. నిన్ను నువ్వు తిట్టుకోకుండా వదులుచేసి మళ్ళీ పనిలో పడు. అలవాటు మారడానికి వారాలు పడుతుంది నాన్నా, మధ్యలో ఆపకు.

చూయింగ్ గమ్, పెన్ను కొరకడం మానెయ్. సాయంత్రం దాటాక కాఫీ వద్దు. మందు, సిగరెట్ కూడా రాత్రి కొరకడాన్ని పెంచుతాయి. పడుకునే ముందు చెంపలకూ కణతలకూ ఓ 10 నిమిషాలు గోరువెచ్చటి కాపడం పెట్టి, వేళ్ళతో గుండ్రంగా మర్దన చేసుకో. ఆఫీసు టెన్షన్ మంచం దాకా తెచ్చుకోకు, ఫోన్ పక్కన పెట్టెయ్.

నీకు గురక ఉండి, పగలు నిద్ర ముంచుకొస్తుంటే గార్డ్ చేయించక ముందే డాక్టరుకి చెప్పు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉంటే దాని వైద్యం వేరు. డిప్రెషన్‌కి వాడే ఫ్లూఆక్సెటిన్, సెర్ట్రలిన్ లాంటి మందులతో కూడా కొందరికి ఇది మొదలవుతుంది. అలాంటివి వాడుతుంటే నీ అంతట నువ్వు ఆపొద్దు, రాసిన డాక్టరునే అడుగు. కొరకడం తగ్గాలంటే పళ్ళు అరగదీసి ఎత్తు సరిచేయాలని ఎవరైనా అంటే వెంటనే ఒప్పుకోకు, ఇంకో డెంటిస్టుని కలువు. పంటి పైనుండే గట్టి పొర, ఎనామిల్, ఒకసారి పోతే మళ్ళీ రాదు. దవడ కండరాన్ని వదులుచేసే బొటాక్స్ ఇంజెక్షన్ పనితనం కొన్ని నెలలే, దాంతో మొదలుపెట్టాల్సిన అవసరం లేదు.

నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకోకపోయినా, దవడ ఇరుక్కుపోయినా మాత్రం ఒక్కరోజు కూడా ఆగకుండా వెళ్ళు. డెంటిస్టు ఏమన్నారో నాకు రాయి.

ఆశీస్సులతో,
పెద్దమ్మ