పక్షుల జాబితాల్లో కాకి ఎందుకు లేదు?

నమస్కారమండీ. రెండు రోజులు శిక్షణ ఇచ్చినా, ఫిబ్రవరి ప్రాంగణ పక్షుల లెక్కింపుకు మీ విశ్వవిద్యాలయ సిబ్బంది పంపిన జాబితాల్లో నెమలి, పాలపిట్ట తప్ప కాకి, గోరింక లేవని రాశారు. తప్పు వాళ్లది కాదు. అరుదైన పక్షే విలువైనదన్న భావనను శిక్షణలో ఎవరూ తొలగించినట్టు లేదు.

పక్షుల వివరాలు నమోదు చేసే ఈ-బర్డ్ వెబ్‌సైట్‌లో జాబితా పంపేటప్పుడు ఒక ప్రశ్న వస్తుంది: గుర్తుపట్టిన పక్షులన్నిటినీ నమోదు చేశారా? కిటుకంతా అక్కడే ఉంది. ‘అవును’ అన్న జాబితాలో పిచ్చుక లేకపోతే, ఆ సమయంలో అక్కడ పిచ్చుక కనబడలేదన్న సమాచారమూ దక్కుతుంది. ఏరి రాసిన జాబితాలో ఆ ఆధారం ఉండదు.

ఈసారి స్లైడ్లు పక్కన పెట్టి, ఉదయం 6.30కి ఇద్దరిద్దరిని ఒకే మర్రిచెట్టు దగ్గర 15 నిమిషాలు నిలబెట్టండి. విడివిడిగా రాయించి, అక్కడికక్కడే పోల్చండి. ఒకరు 12 గోరింకలు, మరొకరు 7 రాస్తే, తేడా ఎందుకొచ్చిందో వాళ్లే తేల్చుకుంటారు. నా అనుభవంలో ఏ ఉపన్యాసమూ ఇంత నేర్పలేదు. గుర్తుపట్టలేని పక్షికి ఊహించి పేరు పెట్టవద్దని మాత్రం గట్టిగా చెప్పండి. పెద్ద గుంపైతే అంచనా రాయవచ్చు. అదీ కుదరకపోతే ‘ఎక్స్’ గుర్తు వేస్తే చాలు.

తోటమాలిని తప్పక పిలవండి. ఏ కొమ్మ మీద ఏ గూడు ఉందో ఆయన చూపిస్తారు.