తెలుగు మీడియం నుంచి బీటెక్‌కి వచ్చాను, జామ్‌లో (ఇచ్చిన విషయం మీద నిమిషం పాటు మాట్లాడే "జస్ట్ ఎ మినిట్"లో) నోరు పెగలడం లేదు. స్పోకెన్ ఇంగ్లిష్‌లో చేరాలా?

విజయవాడలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్) మూడో ఏడాది, సీఆర్‌టీ (క్యాంపస్ ఉద్యోగాల శిక్షణ) క్లాసులో జామ్ అనగానే చేతులు చల్లబడుతున్నాయని రాశావు తమ్ముడూ. నాదీ అదే దారి. గుంటూరు పక్క పల్లెటూరు, పదో తరగతి దాకా తెలుగు మీడియమే. కోచింగ్‌లో చేరాలనుకుంటే చేరు. కానీ ముందు ఒకటి చూసుకో: తెలిసిన విషయాన్ని తెలుగులోనైనా నిమిషం పాటు ఆగకుండా చెప్పగలవా?

నేను చెప్పలేకపోయాను. మూడో ఏడాదిలో ఒకసారి నాన్నతో గుంటూరు మిర్చి యార్డుకు వెళ్లాను. వ్యాపారి మా టిక్కీలోంచి, అంటే మిర్చి బస్తాలోంచి, తేజ రకం కాయ ఒకటి తీసి విరిచి, తేమ ఉందన్నాడు. కాయ ఎప్పుడు కోశామో, కల్లంలో ఎన్నాళ్లు ఎండిందో, రంగు పోయిన తాలుకాయలు ఎలా ఏరించామో నాన్న తడుముకోకుండా చెప్పాడు. వ్యాపారి అడిగిన ప్రతిదానికీ నాన్న దగ్గర జవాబుంది. తర్వాత ఆ వ్యాపారి నా వైపు తిరిగి, "ఇంజినీరింగంట గదా, ఏం నేర్పుతారయ్యా?" అన్నాడు. "ఈఈఈ అండీ, ఎలక్ట్రికల్" అన్నాను. అంతే, ఆ తర్వాత మాట రాలేదు. పరీక్షలో ట్రాన్స్‌ఫార్మర్ గురించి పేజీలకు పేజీలు రాసినవాణ్ణి! అందులో ఒక్క ముక్క కూడా అంతకుముందు ఎవరికీ నోటితో చెప్పి ఎరగను. నా ఇబ్బంది ఇంగ్లిష్ ఒక్కటే కాదని అప్పుడు తెలిసింది.

హాస్టల్లో నా రూమ్‌మేట్ సివిల్. రోజూ రాత్రి వాడికి ఒక విషయం తెలుగులో చెప్పేవాణ్ణి. మొదటిది, ట్రాన్స్‌ఫార్మర్ ఎందుకు గుయ్యిమంటుంది? 50 హెర్ట్జ్ కరెంటుకు లోపలి ఇనుప రేకులు సెకనుకు 100 సార్లు సన్నగా సాగి ముడుచుకుంటాయి, ఆ చప్పుడే అది. వాడు మధ్యలో "ఎందుకురా?" అని ఆపేవాడు. ఆ "ఎందుకు"లే నాకు పాఠాలయ్యాయి. మూడో రోజు అదే విషయం ఇంగ్లిష్‌లో చెప్పి, ఫోన్‌లో రికార్డు చేసి వినేవాణ్ణి. మొదటి రికార్డింగ్ నిండా "అంటే, అంటే"లే. గ్రామర్ తప్పులు ఆ తర్వాత ఒక్కొక్కటే దిద్దుకున్నాను.

నిమిషమంటే భయపడకు. నిదానంగా మాట్లాడితే 120 మాటలు, మహా అయితే పది పన్నెండు వాక్యాలు. సెల్ఫ్ ఇంట్రడక్షన్ మాత్రం బట్టీ పట్టొద్దు, ఒక్క మాట జారితే మిగతాదంతా పోతుంది.

రూమ్‌మేట్‌కి ఓపిక లేకపోతే అమ్మకు ఫోన్ చెయ్యి. తన గొంతు నీ ఫోన్ దాకా ఎలా వస్తుందో చెప్పు, అది నీ సబ్జెక్టే కదా. ఎక్కడ "అర్థం కాలేదురా" అంటుందో అక్కణ్ణుంచి మళ్లీ మొదలుపెట్టు.