2030కల్లా బొగ్గు పోయి సోలార్ వస్తుందా? బోరు రైతు కొడుకుగా నా జవాబు

2030 నాటికి ఇండియా బొగ్గు కరెంటు మానేసి సోలార్, గాలిమరల మీదే నడుస్తుందా అని అడిగారు. నడవదు. అలా నడుస్తుందని ప్రభుత్వం కూడా చెప్పలేదు. బొగ్గు, గ్యాస్, డీజిల్ కాకుండా వేరేవాటితో కరెంటు తీసే సామర్థ్యాన్ని 500 గిగావాట్లకు (గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు) తెస్తామంది, అంతే. 2025 జూన్ నాటికి స్థాపిత సామర్థ్యంలో, అంటే దేశంలో పెట్టిన ప్లాంట్లన్నిటి మొత్తం సామర్థ్యంలో, సగం అలాంటిదే అయింది, జలవిద్యుత్తు, అణువిద్యుత్తు కూడా ఆ లెక్కలోనివే. అయినా మనం వాడే యూనిట్లలో ఎక్కువ భాగం ఇప్పటికీ బొగ్గువే, ఎందుకంటే ప్యానెల్ పొద్దుగూకితే పనిచేయదు, బొగ్గుతో నడిచే థర్మల్ ప్లాంటు రాత్రంతా తిరుగుతుంది.

కానీ ఈ గిగావాట్ల గొడవలో ఎవరూ పట్టించుకోనిది ఒకటుంది, రైతుకు పగటి కరెంటు. మాది అనంతపురం వైపు, బోరు కింద చీనీ (బత్తాయి) తోట. నా చిన్నప్పుడు త్రీఫేజ్ రెండు విడతలుగా వచ్చేది, ఒక విడత తప్పకుండా రాత్రే. అర్ధరాత్రి అందరూ పడుకున్నాక ఊళ్లల్లో, ఫ్యాక్టరీల్లో వాడకం తగ్గుతుంది, థర్మల్ ప్లాంట్లను అంత తేలిగ్గా ఆపలేరు, అందుకని ఆ మిగులును బోర్ల మీదికి తోసేవాళ్లు. నాయన టార్చి, కర్ర పట్టుకుని అర్ధరాత్రి బయల్దేరేవాడు. స్టార్టర్ డబ్బా తెరిచే ముందు కర్రతో రెండు దెబ్బలు కొట్టడం ఆయన అలవాటు. ఒకసారి నేనూ వెంట వెళ్లాను. ఆయన కొట్టగానే డబ్బా కింద నుంచి రక్తపింజరి బుస కొడుతూ నా కాళ్ల వైపే వచ్చింది. "కదలొద్దురా" అన్నాడు, అంతే. అది గట్టు దాటేదాకా నేను ఊపిరి తీసుకోలేదు. ఆ తర్వాత ఆయన ఏమీ జరగనట్టే పచ్చ బటన్ నొక్కి, పాదులకు నీళ్లు తిప్పడానికి పోయాడు. ఇంకో గంటకే ఫ్యూజు కొట్టేసింది. ఆ వేళ ఎవరొస్తారు? తెల్లారేదాకా గట్టు మీదే పడుకున్నాం.

ఇప్పుడు ఆంధ్రలో వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటలు ఇస్తున్నామంటున్నారు. కర్నూలు జిల్లాలో 2017లో 1,000 మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది, మధ్యాహ్నం పూట కరెంటు మిగిలే రోజులు వచ్చాయి. ఆ మిగులు ముందు బోర్లకే పోవాలి. నన్నడిగితే ఈ దేశంలో సోలార్ వల్ల అందరికంటే ముందు బాగుపడాల్సింది రైతే.

ఇక సాయంత్రం సంగతి. రాజస్థాన్‌లో లైన్లు చాలక తయారైన సోలార్ కరెంటునే ఆపేసిన సందర్భాలున్నాయి, ఇక్కడేమో చీకటి పడగానే ఊరంతా లైట్లు, ఫ్యాన్లు ఒక్కసారి వేస్తుంది. దానికి మందు నీళ్లే. పగటి కరెంటుతో కింది నీటిని పైకి తోడి, రాత్రి దాన్నే దింపి టర్బైన్లు తిప్పడం. శ్రీశైలం ఎడమగట్టులో 900 మెగావాట్ల యంత్రాలు ఈ పద్ధతికే కట్టారు. నంద్యాల జిల్లా పిన్నాపురం దగ్గరి 1,680 మెగావాట్ల ప్రాజెక్టుదీ ఇదే పద్ధతి. వీటి గురించి మాట్లాడకుండా ఇన్ని మెగావాట్ల ప్యానెళ్లు పెట్టామని చెప్పుకోవడం నాకు నచ్చదు.

ఇంకో మాట. మాకు దగ్గర్లోనే కర్ణాటకలో పావగడ పార్కు ఉంది, 2,050 మెగావాట్లు. అటు మాట్లాడేదీ ఎక్కువగా తెలుగే. అక్కడ రైతుల భూమి కొనలేదు, మొదట్లో ఎకరాకు ఏటా 21 వేల చొప్పున కౌలుకు తీసుకున్నారు. భూమి ఉన్నవాళ్లకు అది మేలే. ఆ చేలల్లో కూలికి పోయేవాళ్లకు కౌలు ఎవరిస్తారు? దీని గురించి అడిగినవాళ్లు నాకు పెద్దగా కనపడలేదు.

మా ఫీడరులో, అంటే సబ్‌స్టేషన్ నుంచి మా పొలాలకొచ్చే లైనులో, ట్రాన్స్‌ఫార్మర్ కాలితే ఇప్పటికీ రైతులే చందాలేసుకుని ట్రాక్టర్‌లో వేసుకెళ్లాలి. ఎండాకాలంలో పగటి తొమ్మిది గంటలు అప్పుడప్పుడు రెండు ముక్కలవుతున్నాయి, రెండో ముక్క చీకటి పడ్డాక వస్తోంది. అలా వచ్చిన రోజు నేను సబ్‌స్టేషన్‌కు ఫోన్ చేసి, పగలు ఇవ్వాల్సింది రాత్రికి ఎందుకు పోయిందని అడుగుతాను. మీ ఊళ్లోనూ అలాగే ఉంటే మీరూ అడగండి.